పేషెంట్‌కి "తగ్గించండి" అని చెప్పకండి: పొగ మాన్పించడంలో అపోహలు - వాస్తవాలు

"రోజుకి ఇరవై కాల్చేవాణ్ని సార్, ఐదుకి తెచ్చా." ఓపీలో ఈ మాట వినని రోజుండదు. "వెరీ గుడ్, ఇంకా తగ్గించండి" అని ఇటునుంచి జవాబు. బీపీ చూడటం, మందులు రాయడం, తర్వాతి నంబర్ పిలవడం. పేషెంట్ హ్యాపీ, మనమూ హ్యాపీ. అసలు నష్టం జరిగేది ఇక్కడే. డాక్టర్లు, సిస్టర్లు, ఏఎన్‌ఎంలు, ఫార్మసిస్టులు అందరం కలిసి పెంచి పోషించిన అపోహ ఇది.

అపోహ: ఒక్కసారిగా మానేస్తే ఒంటికి ప్రమాదం, మెల్లమెల్లగా తగ్గించుకోవాలి

ఈ భయం మద్యం దగ్గర్నుంచి వచ్చింది. రోజూ విపరీతంగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అది నిజమే. దాన్ని తెచ్చి సిగరెట్‌కి అంటించేశారు. నికోటిన్ ఆగితే చిరాకు, నిద్రలేమి, ఆకలి, పని మీద ధ్యాస లేకపోవడం, మలబద్ధకం ఉంటాయి. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. ప్రాణాపాయం లేదు. "మా బావమరిది మానేసిన నెలకే గుండెపోటు వచ్చింది" అని చెప్పేవాళ్లుంటారు. అది మానినందుకు రాలేదు, అన్నేళ్లు కాల్చినందుకు వచ్చింది. చాలామంది ఒంట్లో తేడా తెలిశాకే మానతారు, ఆ వరస ఎవరికీ గుర్తుండదు.

ఇక తగ్గించడం సంగతి. ఇరవై కాల్చే మనిషి ఐదుకి దిగితే శరీరం అడిగే నికోటిన్ తగ్గదు. అందుకని ఒక్కో దమ్ము లోతుగా లాగుతాడు, ఎక్కువసేపు లోపల పట్టి ఉంచుతాడు, ఫిల్టర్ కాలేదాకా వదలడు. పెట్టెలో లెక్క తగ్గినంతగా ఊపిరితిత్తుల్లో తగ్గదు. గుండె సంగతి ఇంకా అన్యాయం. 2018లో 141 అధ్యయనాలను కలిపి చూస్తే, రోజుకి 20 కాల్చే మగవాళ్లకు పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకి ఒక్కటి కాల్చినా ఉంది. ఐదుకి తెచ్చినాయనకు మనం చెప్పిన "వెరీ గుడ్" ఏం చేస్తుందో ఆలోచించండి. ఆ ఐదూ డాక్టర్ ఒప్పుకున్న కోటా అయిపోతుంది.

2016లో బ్రిటన్‌లో 697 మందిని రెండు జట్లు చేసి చూశారు. అందరికీ సిగరెట్ బదులు వాడే నికోటిన్ మందులిచ్చారు. అనుకున్న రోజున ఒకేసారి ఆపేసినవాళ్లలో నాలుగు వారాలకి 49 శాతం మంది నిలబడ్డారు. రెండు వారాలపాటు తగ్గించుకుంటూ వచ్చి ఆపినవాళ్లలో 39 శాతం. కాబట్టి తగ్గించి మానడం తప్పేమీ కాదు, ఒకేసారి ఆపలేనన్నవాళ్లకి అదే దారి. తేదీ లేకుండా తగ్గించడమే పనికిరాదు.

మరి ఏం చెప్పాలి? ముందు అందరినీ అడగాలి. పెద్దల్లో పొగాకు వాడకం మీద 2016-17లో దేశమంతా చేసిన గ్యాట్స్ సర్వేలో, ఆస్పత్రికి వెళ్లిన పొగ తాగేవాళ్లలో 48.8 శాతం మందికే మానమన్న సలహా అందింది. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అంటే అందరూ లేవనే అంటారు. "సిగరెట్టా, బీడీయా, చుట్టా? పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి ముట్టిస్తారు?" అని అడగండి. అరగంటలోపే అన్నారంటే అలవాటు గట్టిగా ఉన్నట్టు. తర్వాత ఆయన వచ్చిన జబ్బుకే ముడిపెట్టండి: "బాబాయ్, కాలి పుండు మానకపోవడానికి బీడీ కూడా ఒక కారణం. పూర్తిగా మానేయాలి, సాయం నేను చేస్తా. ఏ రోజు నుంచి?" క్యాన్సర్ ఉపన్యాసం అక్కర్లేదు, అది ఆయనకి పెట్టె మీది బొమ్మలోనే కనపడుతోంది. తేదీ రెండు వారాలు దాటనివ్వకండి. ఓపీ చీటీ మీద మందుల పైన పెద్దగా రాయండి. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. ఇప్పుడు కాదంటే తిట్టొద్దు, తిడితే వచ్చేసారి అబద్ధం చెబుతారు. వచ్చేసారీ ఇదే ప్రశ్న అడగండి, అంతే.

అపోహ: నికోటిన్ గమ్ పని చేయదు

మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే చేయదు. నికోటిన్ ఉమ్ముతో కలిసి కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం మొదలవుతాయి. "నాకు పడలేదు" అని పారేస్తారు. నోట్లో కారంగా, చురుక్కుమనేదాకా మెల్లగా నమలాలి. అప్పుడు ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు పోయాక మళ్లీ నాలుగు నముల్లు, ఈసారి రెండో బుగ్గన. ఇలా అరగంట. గమ్ వేసుకునే 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింక్ వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఇంకదు.

రెండో తప్పు మోతాదుది. అరగంటలోపు ముట్టించేవారికి 4 మి.గ్రా., మిగతావారికి 2. మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి, రోజుకి కనీసం తొమ్మిది, 24 దాటకూడదు. తర్వాత తగ్గించుకుంటూ మొత్తం 12 వారాలు. చాలామంది రోజుకి రెండు నమిలి దండగంటారు. కట్టుడు పళ్లున్నవాళ్లకి అంటుకుంటుంది, చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ చూడండి. "ఇదీ నికోటినే కదా" అంటారు. నికోటినే, కానీ తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు.

మిగతావి గబగబా.

బీడీ మేలని కొందరు. పొగాకు తక్కువే, కానీ ఆకు ఊరికే ఆరిపోతుంది కాబట్టి మాటిమాటికీ గట్టిగా లాగాలి. విషమేమీ తక్కువ లోపలికి పోదు.

ఆడవాళ్లు తాగరనుకుని అడగరు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. నిప్పు నోట్లోపల ఉంటుంది కాబట్టి దెబ్బ అంగిలికి. "అమ్మా, చుట్ట తాగుతావా?" అని అడిగి, నోరు తెరిపించి, టార్చ్ వేసి అంగిలి చూడండి.

"సిగరెట్ తాగకపోతే మోషన్ రాదండీ." నిజమే, కొన్ని వారాలు. రాత్రి ఇసబ్గోల్, పొద్దున వేడినీళ్లు ముందే చెప్పండి. చిన్నదనిపిస్తుంది గానీ దీనివల్లే మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు.

మానాక దగ్గు, కఫం పెరిగాయంటే శ్వాసనాళాలు శుభ్రపడుతున్నాయని. వారాలు గడిచినా తగ్గకపోయినా, రక్తం పడినా పరీక్ష చేయించాల్సిందే.

ఈ-సిగరెట్ మందు కాదు, మన దేశంలో 2019 నుంచి నిషేధం.

మనం మరిచిపోయేది ఒకటుంది. మానసిక జబ్బులకిచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్, ఆయాసానికిచ్చే థియోఫిలిన్ వాడేవాళ్లు పొగ మానేస్తే రక్తంలో ఆ మందుల స్థాయి పెరుగుతుంది, మోతాదు సరిచూడాలి. కాఫీ కూడా అంతే. అదే మూడు కప్పులకి గుండెదడ వస్తే సిగరెట్ మానినందుకని బెదిరిపోతారు, కాఫీ సగం చేయమనండి. పొగ మాన్పించడానికిచ్చే బుప్రోపియాన్ మాత్ర రాసేముందు ఫిట్స్ ఉన్నాయేమో తప్పకుండా అడగండి.

చివరగా, "చెప్పాంగా, ఇక వాళ్లిష్టం" అనే మన అపోహ. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదటి వారంలోనే పడిపోతారు. కాబట్టి ఫోన్ చేయాల్సింది నెల తర్వాత కాదు, మానిన మర్నాడు, మళ్లీ వారానికి. ఒకటి కాల్చానంటే "ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు?" అని అడిగి, మళ్లీ అదే రోజు నుంచి మొదలుపెట్టించండి. మీకు తీరిక లేకపోతే పొగాకు పెట్టెల మీదే ఉండే 1800-11-2356 క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ లైన్ ఉంది, డబ్బులు పడవు. నంబర్ రాసిచ్చి పంపితే చీటీ జేబులోనే ఉండిపోతుంది. పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడే, ఆయన ఫోన్‌లోంచే మీరే కలిపి ఇవ్వండి.