గంటకో బాంబర్ కథలో మనం దాటేస్తున్న ఏడాది

మన దేశపు యుద్ధవిమానం తేజస్ మార్క్ 1ఎ ఆలస్యం మీద గొడవ రేగినప్పుడల్లా ఎవరో ఒకరు విల్లో రన్ పేరు తీస్తారు. "రెండో ప్రపంచ యుద్ధంలో కార్లు చేసుకునే ఫోర్డ్ కంపెనీ గంటకో బాంబర్ విమానం బయటికి పంపింది. ఇన్నేళ్లయినా విమానాలు చేసే మన ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్ ఏం చేసింది? ప్రైవేటుకిచ్చేయండి" అన్నది వాదన. మిషిగన్‌లోని ఆ ఫ్యాక్టరీ గంటకో బి-24 లిబరేటర్ తయారు చేసిన మాట నిజం. కాకపోతే అది 1944 ముచ్చట. అంతకు ముందు ఏడాది అమెరికాలో ఆ ఫ్యాక్టరీ పేరును వెటకారంగా 'విల్ ఇట్ రన్' అని పలికేవాళ్లు, అసలు నడుస్తుందా అని. మన గొడవకు పనికొచ్చేది ఆ 1943 సంవత్సరమే.

యుద్ధం ఎలా వచ్చింది, ఏడాదికి 50 వేల విమానాలు కావాలని 1940లో రూజ్‌వెల్ట్ ఎందుకడిగాడు అన్నవి తెలిసిన సంగతులే, వాటిని వదిలేద్దాం. నేరుగా 1941 జనవరిలో శాన్ డియేగోకి వెళ్దాం. లిబరేటర్‌ను డిజైన్ చేసిన కన్సాలిడేటెడ్ కంపెనీ అక్కడే ఉంది. ఫోర్డ్ ఉత్పత్తి వ్యవహారాలన్నీ చూసే చార్లెస్ సోరెన్సన్ ఆ షెడ్లు తిరిగి చూసి ముఖం చిట్లించాడు. విమానాల చివరి బిగింపు ఆరుబయట, ఉక్కు చట్రాల మీద నడుస్తోంది. ఎండకు ఆ చట్రాలు సాగుతాయి, చల్లబడితే ముడుచుకుంటాయి. దాంతో ఒక విమానానికి సరిపోయిన భాగం పక్కదానికి సరిపోదు. దర్జీ మనిషిని బట్టి కొలత తీసి కుట్టినట్టు ఏ విమానానికి ఆ విమానం చేత్తో సర్దుతున్నారు. సోరెన్సన్ ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని రెడీమేడ్ ఫ్యాక్టరీ ఒకటి కాగితం మీద గీశాడు. అంచనా 20 కోట్ల డాలర్లు, లక్ష్యం గంటకు ఒకటి. రెక్కలు మీరు చేసివ్వండి, బిగింపు మేం చూసుకుంటామని కన్సాలిడేటెడ్ వాళ్లు అడిగితే సోరెన్సన్ ఒప్పుకోలేదు. చేస్తే మొత్తం విమానం చేస్తాం, లేకపోతే లేదన్నాడు.

సోరెన్సన్ వైపు నుంచి ఈ కథ చాలాసార్లు వచ్చింది. శాన్ డియేగో వాళ్లు చెప్పేది మాత్రం తక్కువ మంది విన్నారు. వాళ్లు చేత్తో సర్దడం చేతకాక కాదు. బాంబర్ అంటే ఏడాదికోసారి మోడల్ మార్చే కారు కాదు. యుద్ధం నుంచి కబురొచ్చిన కొద్దీ మారుతూ ఉండాలి. శత్రువు ముందు నుంచి దూసుకొస్తున్నాడంటే ముక్కు దగ్గర టరెట్, అంటే అటూ ఇటూ తిరిగే తుపాకీ గూడు పెట్టాలి. ఇంధన ట్యాంకు, కవచం, రేడియో, ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. అందుకే విమానాల పరిశ్రమ రేకును నొక్కే అచ్చులను మెత్తటి మిశ్రమ లోహంతో పోసుకునేది. డిజైన్ మారితే కరిగించి మళ్లీ పోయొచ్చు. ఫోర్డ్ వాళ్లు తమ అలవాటు కొద్దీ గట్టి ఉక్కు అచ్చులు చేయించారు. అవి లక్షసార్లు నొక్కినా అరగవు. అలాగని ఒక్క రంధ్రం జరగాలన్నా అచ్చు మొత్తం పక్కన పడేయాల్సిందే.

జరిగింది కూడా అదే. 35 లక్షల చదరపు అడుగుల విల్లో రన్ భవనం 1941లో మొదలై చకచకా లేచింది. డిజైనర్ ఆల్బర్ట్ కాన్. మధ్యలో లైన్ తొంభై డిగ్రీలు మళ్లుతుంది, అక్కడ విమానాన్ని తిప్పడానికి టర్న్‌టేబుల్ పెట్టారు. పన్నులు ఎక్కువున్న పక్క కౌంటీలోకి గోడ జరగకూడదనే ఆ మలుపు పెట్టారని చెబుతారు. ఇంత చేస్తే 1942 ఆఖరుకి తేలినవి 56 విమానాలు. తొలి విడతలో చాలావరకు యుద్ధానికి పనికిరావని సైన్యం శిక్షణకు వాడుకుంది. డెట్రాయిట్ నుంచి ఫ్యాక్టరీకి 50 కిలోమీటర్ల దూరం, పెట్రోలుకీ టైర్లకీ రేషన్, దగ్గర్లో ఉండటానికి ఇళ్లు లేవు. చేరినవాళ్లు నేర్చుకునే లోపే మానేసి పోయేవాళ్లు. 1943 వేసవిలో 42 వేల మంది పనిచేస్తున్నా లెక్క అందలేదు. యుద్ధ ఉత్పత్తిని తనిఖీ చేసే సెనేటర్ ట్రూమన్ కమిటీ వచ్చి చూసి గట్టిగానే మొట్టికాయలు వేసింది. అదే ఏడాది మేలో కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డ్ 49 ఏళ్లకే పోయాడు.

ఆ ఫ్యాక్టరీని నిలబెట్టింది ఫోర్డ్ మేధస్సే అనుకుంటాం. నా లెక్కలో అసలు మలుపు సైన్యం ఒప్పుకున్న ఒక చిన్న ఏర్పాటు. లైన్ మీద ఉన్న విమానాన్ని మధ్యలో మార్చొద్దు. ఇన్ని విమానాలు ఒక బ్లాక్, ఆ బ్లాక్ అయ్యేదాకా డిజైన్ కదలదు. ఈలోపు వచ్చిన మార్పులన్నీ తర్వాతి బ్లాకుకి. అంతదాకా ఆగలేని మార్పులుంటే, పూర్తయిన విమానం ఎగిరి వేరే చోటున్న మాడిఫికేషన్ సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ విప్పి, కోసి, కొత్తవి బిగిస్తారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో అలాంటి పెద్ద సెంటర్ ఒకటి నడిచింది. దర్జీ పని పోలేదన్నమాట, అడ్రసు మారిందంతే. గంటకోటి అనే లెక్కలో ఆ సెంటర్ల పని గంటలు కలవవు.

రెండో సవరణ సోరెన్సన్‌కి చేదుగా ఉండి ఉంటుంది. అంతా ఒకే కప్పు కింద అన్న పట్టు సడలించి చాలా భాగాల పనిని ఫోర్డ్ సొంత ఇతర ఫ్యాక్టరీలకూ బయటి కాంట్రాక్టర్లకూ పంచారు. అప్పటి నుంచి లెక్క పరుగెత్తింది. 1944లో నెలకు 400 దాటింది. యుద్ధం ముగిసేసరికి మొత్తం 8,685. అందులో 1,893 పూర్తి విమానాలు కావు, టల్సా, ఫోర్ట్‌వర్త్ ఫ్యాక్టరీల్లో బిగించుకోవడానికి పంపిన విడి భాగాల సెట్లు. కన్సాలిడేటెడ్ మొదట అడిగిన పనికి ఇది దగ్గరే.

'ప్రైవేటు' అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. విల్లో రన్ కట్టింది ప్రభుత్వ డబ్బుతో. ఖర్చు ఎంతైతే అంత ఇచ్చి, పైన ఫీజు కట్టే ఒప్పందం. నష్టం భయం లేదు, కొనేవాడు ఖాయం. యుద్ధం అయ్యాక కొనుక్కోమంటే ఫోర్డ్ వద్దంది. ఇక ఇంజిన్ల సంగతి. ప్రాట్ అండ్ విట్నీ డిజైన్ చేసిన ఇంజిన్‌ను బ్యుయిక్, షెవర్లే ఫ్యాక్టరీలు కూడా లిబరేటర్ కోసం తయారు చేసి పోశాయి. విల్లో రన్‌లో లేని ఇబ్బందే తేజస్‌కి మొదటి ఇబ్బంది అయింది. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఆర్డర్, అదే ఏడాది అమెరికాకు చెందిన జీఈ కంపెనీకి 99 ఇంజిన్ల ఆర్డర్. డెలివరీలు 2024 మార్చిలో మొదలవ్వాలి. మొదటి ఇంజిన్ అందిందే 2025 మార్చిలో.

హెచ్‌ఏఎల్ మీద నమ్మకం లేదని అప్పటి ఎయిర్‌ఫోర్స్ అధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి.సింగ్ 2025 ఫిబ్రవరిలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన దగ్గరే అన్నారు. స్క్వాడ్రన్లు తగ్గిపోతుంటే చూస్తున్న మనిషి కోపం అది. అదే ఏడాది మేలో తేజస్ తర్వాతి తరం యుద్ధవిమానం ఆమ్కా పనికి ప్రైవేటు కంపెనీలూ పోటీ పడొచ్చని రక్షణ శాఖ తేల్చింది. విమానాల బాడీలు సిద్ధంగా ఉన్నాయి, ఇంజిన్లే రాలేదని హెచ్‌ఏఎల్ అప్పట్లో అంది. అంతా ఇంజిన్ మీదకే తోసేయడం కుదరదు. రాడార్, ఆయుధాల అనుసంధానం పరీక్షలు కూడా సాగాయి. కానీ ఆ సాగతీతను షాపు ఫ్లోర్ మీద పనిచేసేవాళ్ల బద్ధకం కింద రాసేస్తే 1943 అర్థం కానట్టే.

ఇంతకీ లిబరేటర్ హెచ్‌ఏఎల్‌కి కొత్త పేరేమీ కాదు. యుద్ధకాలంలో బెంగళూరు ఫ్యాక్టరీ అమెరికా సైన్యం చేతికెళ్లి మరమ్మతుల డిపోగా మారినప్పుడే మనవాళ్లు ఆ విమానాన్ని విప్పి బిగించారు. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్లను మళ్లీ ఎగరకుండా కావాలనే పాడుచేసి పోయారు. 1948లో ఆ తుక్కు గుట్టలోంచి ఒక్కోదాన్నీ ఏరి, ఎగిరేంతవరకు అక్కడే బాగుచేసి బెంగళూరుకు పట్టుకెళ్లారు. అలా దాదాపు 40 తేలాయి. అయిదో నంబర్ స్క్వాడ్రన్ వాటితోనే పుట్టింది. 1968 దాకా మన ఎయిర్‌ఫోర్స్ వాటిని నడిపింది. విదేశీ మ్యూజియాల్లో ఇవాళ కనిపించే లిబరేటర్లలో కొన్ని మనం వాడి ఇచ్చినవే.

ఇప్పుడు తేజస్ పని పంచుకుంటున్న తీరు కూడా సోరెన్సన్ కాదన్న పద్ధతే. రెక్కలు ఎల్ అండ్ టీవి. మధ్య బాడీ మన హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్‌ది, మొదటిది 2025 మేలో హెచ్‌ఏఎల్‌కి అందింది. బాడీలు ఇలా వస్తూనే ఉంటాయి. అసలు టెన్షన్ ఇంకో చోట ఉంది. 2025 సెప్టెంబర్‌లో మరో 97 తేజస్‌లకు 62,370 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. డెలివరీలు 2027-28 నుంచి. వీటిలో స్వదేశీ ఉత్తమ్ రాడార్, విమానాన్ని శత్రువు రాడార్ల నుంచీ క్షిపణుల నుంచీ కాపాడే స్వయం రక్షా కవచ్ ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంటాయి. ముందు ఒప్పందంలో లేని స్వదేశీ వస్తువులు మొత్తం 67 చేరతాయి. 83 విమానాల బాకీ తీరకముందే వీటి పనీ మొదలవ్వాలి.