లుకేమియా నయమయ్యాక వచ్చే రెండో జబ్బు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రక్తం, బోన్ మారో (ఎముక మజ్జ) స్లైడ్లు చూడటం నా పని. మొన్న చిత్తూరు వైపు నుంచి ఒకమ్మ వచ్చి, నా టేబుల్ మీద పసుపు గుడ్డసంచి విప్పింది. కొడుక్కి లుకేమియా (రక్త క్యాన్సర్) నయమై ఆరేళ్లయింది. తిరుమలలో తలనీలాలు కూడా ఇచ్చొచ్చారు. సంచిలోని సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితాలు వరసగా పేర్చి చూశాను. ప్లేట్‌లెట్లు రెండు లక్షలు, లక్షన్నర, ఇప్పుడు ఎనభై వేలు.

"పాతదే తిరగబెట్టిందా మేడమ్?"

అపోహ: మళ్లీ వచ్చిందంటే పాత జబ్బే.

వాస్తవం: తిరగబెట్టే అవకాశం ఉంటుంది, కాదనను. కానీ కొద్దిమందిలో, జబ్బును చంపిన కీమో మందులే మజ్జలో రక్తాన్ని తయారుచేసే మూలకణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దాంతో రెండో జబ్బు పుడుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందుల వల్లయితే సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లకు బయటపడుతుంది. ముందు రక్తకణాలు మెల్లగా తగ్గుతాయి. 5వ లేదా 7వ క్రోమోజోములో లోపం కనిపిస్తుంది. ఎటోపొసైడ్ వంటి వాటివల్లయితే 1 నుంచి 3 ఏళ్లకే, చాలావరకు నేరుగా లుకేమియాగానే వస్తుంది. తేడా తేల్చాలంటే బోన్ మారోతో పాటు క్రోమోజోముల పరీక్ష తప్పదు.

అపోహ: జబ్బు పోయాక ఫైలెందుకు?

వాస్తవం: ఏ మందులు ఇచ్చారని అడిగితే ఆ అమ్మ తల దించుకుంది. పీడ విరగడవ్వాలని ఫైలును భోగి మంటలో వేసేశారట. ఆమెను ఏమనగలం? కానీ దయచేసి మీరు అలా చేయకండి. మందుల పేర్లు, మొత్తం డోసు, రేడియేషన్ వివరాలున్న డిశ్చార్జ్ సమ్మరీని ఫోన్‌లోనైనా ఫొటో తీసి ఉంచుకోండి.

అపోహ: అయితే కీమో మానేయడమే మేలు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు భయం. చికిత్స లేని అక్యూట్ (వేగంగా ముదిరే) లుకేమియా వారాల్లో, నెలల్లో ప్రాణం తీస్తుంది. రెండో జబ్బు వచ్చేది కొద్దిమందికే. ఎటోపొసైడ్ కుటుంబం మందులు వారానికోసారో రెండుసార్లో ఇచ్చిన పిల్లల్లో ముప్పు ఎక్కువని 1991లో అమెరికా డాక్టర్లు చూపించారు. మందు ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది లెక్క చూసే ఇస్తారు.

అపోహ: బొప్పాయాకు రసంతో ప్లేట్‌లెట్లు పెరిగిపోతాయి.

వాస్తవం: ఇక్కడ పాడైంది మజ్జ. రసాలతో రోజులు పోగొట్టుకోవద్దు.

ఆ అబ్బాయి మజ్జలో 7వ క్రోమోజోము ఒకటి లేదు. అంటే ఇది కొత్త జబ్బు. దీనికి మూలకణాల మార్పిడే మంచి దారి. పాత ఆసుపత్రి నుంచి రికార్డు తెప్పిస్తున్నాం. నిన్న ఆ అబ్బాయి అక్క వచ్చి, మ్యాచింగ్ కోసం రక్తం ఇచ్చి వెళ్లింది.