తండ్రి రాష్ట్రం దాటాడు, భరణం ఆగింది: అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టు వరండాలో తరచూ వినే మాట: "మేడమ్, ఆయన బెంగళూరు పోయాడంట. దొరికాక పిటిషన్ వేద్దామని ఆగాం." చూస్తే ఆర్డరు చేతిలోనే ఉంటుంది. పిల్లలకి నెలకింత ఇవ్వాలని జడ్జిగారు రాసి ఏళ్లయి ఉంటుంది. ఒక్క రూపాయి వచ్చి ఉండదు.

అపోహ: మనిషి దొరికితేనే బకాయిల పిటిషన్ వేయాలి.

వాస్తవం: ఈ నమ్మకం చేసినంత నష్టం తల్లులకి ఇంకేదీ చేయలేదు. భరణం గురించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125(3) సెక్షన్ అయినా, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 144(3) అయినా చెప్పేది ఒకటే. ఏ నెల డబ్బుకైనా, అది బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు పిటిషన్ పడాలి. ఏడాది దాటితే బాకీ రద్దు కాదు గానీ, దానికి వారెంట్ అడిగే దారి మూసుకుపోతుంది. ఇప్పటి అడ్రసు తెలియకపోతే ఆర్డరులో ఉన్న అడ్రసుతోనే వేయండి. వెతుకులాట ఆ తర్వాత.

ఖమ్మం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. "ఆగమ్మా, మనసు మారి వాడే వస్తాడు" అని పెద్దమనుషులు చెబితే నాలుగేళ్లు ఆగింది. బట్టల షాపు కవరులోవన్నీ నా బల్ల మీద పోసింది: పెళ్లి ఫొటో, పాప టీకాల కార్డు, రేషన్ కార్డు జిరాక్సు, నాలుగు మడతలు పెట్టిన పాత జీతం స్లిప్పు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినా అతని పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మిగిలింది. కోర్టు ద్వారా పీఎఫ్ ఆఫీసు నుంచి వివరాలు తెప్పిస్తే, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఉన్నాడని తేలింది. దొరికాడు సరే, వారెంట్‌తో రాబట్టగలిగింది చివరి ఏడాది బకాయే. చేజారిన ఆ మూడేళ్లూ ఆవిడ మిరప కోతలకి వెళ్లి పాప ఫీజు కట్టిన ఏళ్లు. ఆ పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: రాష్ట్రం దాటితే ఇక్కడి ఆర్డరు చెల్లదు, అక్కడ మళ్లీ కేసు వేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. పాత 128, ఇప్పటి 147 సెక్షన్ ప్రకారం అతను దేశంలో ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేట్ దాన్ని అమలు చేయొచ్చు. పార్టీలు వీళ్లేనని, డబ్బు కట్టలేదని ఆయనకి నమ్మకం కుదిరితే చాలు. ఆర్డరు కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కాపీ కోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అపోహ: ఆధార్ నంబరు ఇస్తే పోలీసులు క్షణాల్లో పట్టేస్తారు.

వాస్తవం: పట్టలేరు. ఆధార్ వివరాలు బయటికి రావాలంటే హైకోర్టు జడ్జి ఉత్తర్వు కావాలి. "కాల్ డేటా తీసిస్తాం" అని వేలకి వేలు గుంజేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు, అది నేరం. అమెరికాలో కొత్తగా ఎవరిని పనిలో పెట్టుకున్నా యజమాని 20 రోజుల్లోపు ప్రభుత్వానికి తెలపాలి, పిల్లల భరణం ఎగ్గొట్టినవాళ్లని అలా పడతారు. మనకి అలాంటి ఏర్పాటు లేదు. మన బీరువాలో ఉన్న కాగితాలే దిక్కు: జీతం స్లిప్పు, బ్యాంకు పాస్‌బుక్కు, బండి ఆర్‌సీ, ఎల్‌ఐసీ బాండు. ఏదీ పారేయకండి.

భరణం కట్టనందుకు జైలుకెళ్లొస్తే బాకీ తీరినట్టేనా? కాదు, 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. "ఉద్యోగం పోయింది" అంటే వదిలేస్తారా? ఒంట్లో ఓపిక ఉన్నవాడు కూలి చేసైనా పోషించాలని 2022లో అదే కోర్టు చెప్పింది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకి? హక్కు ఉంది.

లాయరు ఫీజుకి భయపడి ఆగినవాళ్లు కూడా చాలామందే. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. చివరిసారి డబ్బు ఏ నెలలో వచ్చిందో ముందే రాసి పెట్టుకోండి, ఏడాది లెక్కకి అది కావాలి.