కరోనాకి రంగు లేదు నాన్నా

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జీ, చిన్నీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు బుజ్జిగాడు అడిగాడు: "అమ్మమ్మా, కరోనా నిజంగా ఎర్రగా ఉంటుందా?" అరిసెల హడావిడిలో సరిగ్గా చెప్పలేదు. ఉండదు నాన్నా. వెలుతురుకే అందనంత చిన్నదానికి రంగెక్కడిది! పోస్టర్ల మీద ఎరుపు బొమ్మ వేసినవాళ్ళు అద్దింది.

మీ బడి ల్యాబులో మైక్రోస్కోపు వెలుతురుతో చూస్తుంది. మిల్లీమీటరును 5,000 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క వరకే దాని చూపు. కరోనా ఆ ముక్కలో సగం. అంత చిన్నదాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. 1931లో జర్మనీలో రుస్కా, నోల్ మొదటిది తయారుచేశారు.

దాని ముందు కూర్చున్నవాళ్ళలో నాకు జూన్ అల్మేడా అంటే ప్రాణం. గ్లాస్గోలో బస్సు డ్రైవరు కూతురు. డబ్బుల్లేక 16 ఏళ్ళకే చదువాపి ఆసుపత్రి ల్యాబులో చేరింది. గోడకి అరచెయ్యి ఆనించి చుట్టూ రంగునీళ్ళు చల్లితే చెయ్యి ఆకారం తెల్లగా మిగులుతుంది కదా, ఆమె వైరస్‌ను అలాగే చూసేది. బరువైన లోహపు లవణం చుట్టూ చేరి నల్లగా కనిపిస్తే, మధ్యలో వైరస్ తెల్లగా తేలేది. కోళ్ళ జబ్బులో కొమ్ముల వైరస్‌ను చూసి రాస్తే, "ఇవి ఫ్లూ వైరస్‌కి సరిగ్గా రాని ఫొటోలు" అని వ్యాసం తిప్పికొట్టారు. 1964లో లండన్‌లో, జలుబు చేసిన ఓ బడిపిల్లవాడి నమూనాలో మళ్ళీ అవే కొమ్ములు! వెంటనే గుర్తుపట్టింది. కిరీటంలా ఉన్నాయని 1968లో కరోనా అన్న పేరు అచ్చయింది.

కొత్త జబ్బు దిగినప్పుడు, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకి దేనికోసం వెతుకుతున్నామో ముందే తెలియాలి. మైక్రోస్కోపుకి అక్కర్లేదు, ఉన్నదాన్ని చూపిస్తుంది. 1976లో ఎబోలా దారంలా మెలికలు తిరిగి కనిపించింది. 2003లో సార్స్ అనే కొత్త జబ్బు వైరస్ ఏ కుటుంబానిదో దాని ఆకారమే పట్టిచ్చింది. రోగులందరికీ ఇలా పరీక్ష చేయలేం, అది వేరే సంగతి.

ఇప్పుడు క్రయో పద్ధతి వచ్చింది. నీరు పలుకులు కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా, గాజులా గడ్డకట్టించి అందులో వైరస్ ముక్కల్ని చూస్తారు. గుంటూరు నుంచి బెజవాడ వెళ్ళే బస్సులో మంగళగిరి కొండ ఒక్కో మలుపులో ఒక్కోలా కనిపిస్తుంది కదా! అలా వేల వైపుల నుంచి తీసిన ఫొటోలను కంప్యూటరు కలిపి అసలు ఆకారం తేలుస్తుంది. ఈ పనికే 2017లో దుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు నోబెల్ వచ్చింది. 2020 జనవరిలో కరోనా జన్యుక్రమం బయటికొస్తే, ఫిబ్రవరికల్లా టెక్సాస్‌లో మెక్‌లెలన్ బృందం కొమ్ము ఆకారాన్ని అచ్చువేసింది. ఆ కొమ్ము కుదురుగా ఉండదు, రూపు మార్చేస్తుంది. రెండుచోట్ల ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం పెట్టి దాన్ని కదలకుండా బిగించారు. మెర్స్ అనే ఇంకో కరోనా జబ్బు మీద పనిచేసినప్పుడు నేర్చుకున్న కిటుకు అది. ఫైజర్, మోడెర్నా టీకాలు మన ఒంట్లో తయారుచేయించేది ఆ బిగించిన కొమ్మునే. మీ తాతయ్యా నేనూ వేయించుకున్న కోవిషీల్డ్‌లో ఆ మార్పు లేదు.

కేరళలో దొరికిన మన దేశపు తొలి రోగి గొంతు నమూనా నుంచి పుణే జాతీయ వైరాలజీ సంస్థ తీసిన ఫొటోను ఈ ఉత్తరంలో పెడుతున్నాను. బూడిదరంగులోనే ఉంటుంది. గుండ్రటిదాని అంచు దగ్గర నిదానంగా చూడండి. చిన్నీకి ముందు చూపించు బుజ్జీ.

మీ అమ్మమ్మ