తేలిన ఓడ, బొమ్మలోకి రాని మనుషులు

హైదరాబాద్ మీద వేసే క్యాలెండర్లలో హుస్సేన్‌సాగర్ బుద్ధుడి బొమ్మ తప్పకుండా ఉంటుంది. 58 అడుగుల ఆ ఏకశిలా విగ్రహం 1990 మార్చిలో బార్జి ఒరిగి నీళ్లలో పడిపోయిందనీ, తరలిస్తున్నవారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారనీ, రెండున్నరేళ్లకు పైగా సాగర్ అడుగున బురదలో పడి ఉండి 1992 డిసెంబరులో గాని గద్దె ఎక్కలేదనీ ఆ బొమ్మ చెప్పదు. మనకు గుర్తున్నది నిలబడ్డ బుద్ధుడే. నీటిలోంచి తీసిన ప్రతిదానికీ కళ చేసే మర్యాద ఇదే. మునిగిన యుద్ధనౌకల స్మారక చిత్రాల చరిత్రలో ఈ మర్యాద ఎలా మొదలైందో చూడాలంటే ఇంగ్లండు ఓడ మేరీ రోజ్ దగ్గరికి వెళ్లాలి.

1545 జులై 19న పోర్ట్స్‌మత్ ఎదుట ఫ్రెంచి నౌకాదళంతో పోరాడుతూ అది మునిగింది. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ ఒడ్డునున్న కోటలోంచి చూస్తూనే ఉన్నాడు. ఓడ మలుపు తిరుగుతూ ఒరగడంతో, తెరిచి ఉంచిన ఫిరంగి కిటికీల గుండా నీరు చొరబడిందని ఎక్కువమంది చెప్పే కారణం. శత్రువులు ఎక్కకుండా పైన కట్టిన వలే సొంత మనుషులకు ఉచ్చయింది. దాదాపు 500 మందిలో బతికి బయటపడినవారు 35 మందికి మించరు.

రాజుకు సన్నిహితుడైన ఆంథొనీ బ్రౌన్ ఈ పోరును తన కౌడ్రే భవనంలో బొమ్మగా వేయించాడు. అందులో రాజు గుర్రం మీద ఉన్నాడు, ఆయన వెనకే బ్రౌన్ కూడా. డబ్బు పెట్టినవాడు బొమ్మలో చోటు వదులుకోడు కదా! అయితే ఆ చిత్రకారుడు ఓడను దాచలేదు. నీటి పైకి రెండు స్తంభాల కొనలు, ఒక కొన మీద చేతులెత్తి అరుస్తున్న మనిషి, చుట్టూ తేలుతున్న శవాలు. 1793లో భవనంతో పాటు మూల చిత్రం కాలిపోయింది. అంతకు ముందే, 1778లో, దాన్ని చూసి చెక్కి అచ్చు వేయడం వల్ల ఆ మనిషి ఇంకా చేతులెత్తుకునే ఉన్నాడు. తర్వాత వచ్చిన మేరీ రోజ్ చిత్రాలలో ఇంత నిజాయితీ నాకు ఎక్కడా కనిపించలేదు.

1836లో జాలర్ల వలలు అడుగున దేనికో తగులుకోవడంతో డీన్ సోదరులు దిగి చూశారు. అగ్నిప్రమాదాల పొగలోకి వెళ్లడానికి తాము తయారుచేసిన శిరస్త్రాణాన్నే నీటికి అనువుగా మార్చుకున్న వారు వీరు. పైకి తెచ్చిన ఫిరంగుల బొమ్మలను నీటిరంగుల్లో వేయించారు. ఓడ ‘దొరకడం’ మీద వచ్చిన కళ ఇక్కడే మొదలైందనవచ్చు. అయితే ఆ బొమ్మల్లో ఉన్నది వస్తువులే. ఆ తర్వాత ఓడ ఉనికినే అందరూ మరిచారు. 1971లో మళ్లీ దొరికింది.

ఇక 1982. అక్టోబరు 11న క్రేన్ ఎత్తుతుండగా టీవీల ముందు కోట్ల మంది కూర్చున్నారు. ఒక పిన్ను జారి ఇనుప చట్రం మూల ఒక్కసారిగా కుంగినప్పుడు అందరి గుండె ఆగినంత పనైంది. పైకొచ్చింది సగం ఓడే. ఒండ్రులో కూరుకున్న కుడి పక్క మిగిలింది, ఎడమ పక్క ఎప్పుడో కుళ్లి కొట్టుకుపోయింది. అంతకు నాలుగు నెలల ముందే బ్రిటిష్ తపాలా శాఖ హెన్రీ రాజుతో కలిపి ఆ ఓడకు బిళ్ల విడుదల చేసింది! ఓడ ఇంకా నీళ్లలో ఉండగానే స్మారకం సిద్ధమైందన్నమాట.

మనుషుల వంతు 1984లో వచ్చింది. తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలలో ఒకదాన్ని, పేరు తెలియని ఒక నావికుణ్ణి, పోర్ట్స్‌మత్ కేథడ్రల్‌లో సమాధి చేశారు. పైన ఒక రాతి పలక. మొత్తం స్మారకాల్లో నాకు బాగా నచ్చేది అదే.

మనకు దగ్గరలోనూ ఇలాంటి ఓడ ఒకటి ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సిబ్బందితో సహా మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన బాంబులే కారణమని భారత నౌకాదళం అంటుంది, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడే అని పాకిస్తాన్ అంటుంది. హైదరాబాద్ నుంచి సెలవులకు వెళ్లినవారు రామకృష్ణా బీచ్‌లోని యుద్ధ విజయ స్మారకం ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఫొటోలో వెనక కనిపించేది సముద్రం. ఘాజీని ఎవరూ పైకి తీయలేదు. అందులోని వాళ్లు ఆ నీటి కిందే ఉన్నారు.