వైర్డ్ వీడియో డోర్‌బెల్: అపోహలు - వాస్తవాలు

"పాత బెల్లు స్విచ్ వెనక రెండు వైర్లున్నాయి. కొత్త డోర్‌బెల్ వెనక రెండు స్క్రూలున్నాయి. విప్పి బిగించడమే కదా?" హైదరాబాద్‌లో ఇళ్లకు డోర్‌బెల్లులు, డోర్ ఫోన్లు బిగించే పనిలో నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. మిగతా అపోహల వల్ల చిరాకు పుడుతుంది, అంతే. దీనివల్ల డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పాత బెల్లు వైర్లకే కొత్త డోర్‌బెల్ కలిపేయవచ్చు.

వాస్తవం: డోర్‌బెల్ ఎలా బిగించాలో చూపే వీడియోల్లో మీరు చూసే ఇళ్లు చాలావరకు అమెరికావి. అక్కడ బెల్లు కోసం విడిగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 120 వోల్టులను 16కో 24కో తగ్గించి గుమ్మం దగ్గరికి పంపుతుంది. ఆ ఇంటాయన స్క్రూడ్రైవర్ పట్టుకుని కబుర్లు చెబుతూ పని ముగించగలగడానికి కారణం అదే. మన ఇళ్లలో చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ మాటే లేదు. ఫ్యాను, లైటు స్విచ్చుల లాగే బెల్లు స్విచ్‌లోకీ 230 వోల్టుల ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, నేరుగా వస్తుంది. నొక్కితే లోపలి బెల్లుకు వెళుతుంది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు బెల్లు దగ్గరే ఆగిపోతుంది, బయటి పెట్టెలోకి రాదు.

16 నుంచి 24 వోల్టుల ఏసీకి తయారైన పరికరాన్ని ఆ రెండు వైర్లకు తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పరికరం కాలిపోవడం అందులో చిన్న నష్టం. దాని వెనక స్క్రూలు 230 వోల్టులను తట్టుకునే రక్షణతో చేసినవి కావు. వాన జల్లు పడే గోడ మీద, పిల్లలు వేలు పెట్టే చోట, కొరియర్ అబ్బాయి తడి చేత్తో నొక్కే చోట ఫేజును అలా ఉంచుతారా?

"మధ్యలో ఒక రెసిస్టరో జీరో బల్బో పెడితే వోల్టేజీ తగ్గుతుందట కదా" అని మరికొందరు అడుగుతారు. ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పరికరం తీసుకునే కరెంటు మారినప్పుడల్లా ఆ తగ్గుదలా మారుతుంది. అంతకంటే ముఖ్యం, ఫేజుతో సంబంధం తెగదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించడమే కాదు, గుమ్మం వైపును మెయిన్స్ నుంచి విడదీస్తుంది కూడా. బల్బు ఆ పని చేయలేదు. కొన్ని మోడళ్లను చైమ్ (ఇంటి లోపల మోగే బెల్లు) లేకుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపేటప్పుడు రెసిస్టర్ పెట్టమని కంపెనీయే చెబుతుంది. అది తక్కువ వోల్టేజీ వైపు పెట్టేది. దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి.

ఇందులోనే మన ఊరికి ప్రత్యేకమైన తంటా ఒకటుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లలు సూట్‌కేసులో డోర్‌బెల్ తెస్తారు. ముందుచూపున్న పిల్లలైతే అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెస్తారు. అది 120 వోల్టులకు చుట్టింది. ఇక్కడి 230కి తగిలిస్తే వేడెక్కి కాలిపోతుంది, ఆలోపు డోర్‌బెల్‌కు రావలసినదానికి రెట్టింపు వోల్టేజీ పంపుతుంది. డోర్‌బెల్ తెచ్చుకోండి, తప్పులేదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇక్కడే, 230 వోల్టులు 50 హెర్ట్జ్‌ది, ట్రూప్ బజార్‌లో కొనండి. కొనేటప్పుడు వోల్టులతో పాటు వీఏ (వోల్ట్ ఆంపియర్, అంటే ఎంత లోడు మోయగలదో) కూడా చూడండి. డీబీలో (ఎంసీబీలుండే మెయిన్ పెట్టెలో) బిగించే చిన్న బెల్ ట్రాన్స్‌ఫార్మర్లు 8 వీఏవి దొరుకుతాయి. మామూలు బజరుకు అవి చాలు, కెమెరాకు చాలవు. మీ మోడల్ పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత ఉండాలి. కొన్ని మోడళ్లకు ఎక్కువలోనూ హద్దు ఉంటుంది, అదీ చదవండి.

ఇక పాత వైర్ల సంగతి. బయటి పెట్టెలోని ఫేజు దగ్గరి స్విచ్ బోర్డు నుంచి వస్తుందో, బెల్లు దగ్గరి నుంచి వస్తుందో ఇంటింటికీ తేడా. వాటితో కుస్తీ పట్టేకంటే ఆ ఫేజును బోర్డు దగ్గరే విప్పి మూసేసి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కొత్త జత వైర్లు పైపులో లాగించడం మేలు. విప్పే ముందు మెయిన్ ఆపితే చాలనుకోకండి. చాలా ఫ్లాట్లలో బెల్లు ఇన్వర్టర్ లైను మీద ఉంటుంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. దాన్నీ ఆపి, మల్టీమీటర్‌తో వోల్టేజీ లేదని చూశాకే చేయి పెట్టాలి.

సైనిక్‌పురిలో ఒక పెద్దావిడ ఉండేవారు. వానాకాలంలో గేటు దగ్గరి బెల్లు ముట్టుకుంటే చేతికి జిల్లుమనేదట. అందుకని పాలబ్బాయికి ఒక ఎండు పుల్ల ఇచ్చి దాంతో నొక్కమన్నారు. కొడుకు వీడియో డోర్‌బెల్ పంపితే దాన్ని పెట్టెలోంచి తీయనివ్వలేదు. "మామూలు దానికే ఇంత షాకుంటే కెమెరా ఉన్నదానికి ఎంతుంటుంది బాబూ?" అన్నారు. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. పాత స్విచ్‌లోకి నీరు దిగి, 230 వోల్టులు తడిలోంచి చేతికి తగులుతున్నాయి. ఆవిడను కూర్చోబెట్టి మల్టీమీటర్ చూపించాను. పాత పెట్టెలో 230 పైచిలుకు, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక గేటు దగ్గర ఇరవై లోపు. సరిగా బిగించిన వీడియో డోర్‌బెల్ మీ పాత బెల్లు కంటే సురక్షితమైనది. కరెంటు భయంతో వెనకాడేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్ బదులు 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే మోడల్ అయితే ఏ వైరైనా, ఎంత దూరమైనా పరవాలేదు.

వాస్తవం: మణికొండలో ఒక ఇంట్లో పగలంతా బాగా పనిచేసే బెల్లు రాత్రి కాగానే ఆగి ఆగి మొదలయ్యేది. దెయ్యమని ఒకరు, హ్యాకింగ్ అని ఒకరు. అడాప్టర్ రూటర్ పక్కన ఉంది. అక్కడి నుంచి గేటు దాకా ఇరవై మీటర్ల పైన, క్యాట్ 6 కేబుల్‌లో (నెట్‌వర్క్‌కు వాడే, నాలుగు జతల సన్నని వైర్లున్న కేబుల్) ఒక్క జత మీద కరెంటు పంపారు. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ కావాలి. రానూ పోనూ నలభై మీటర్ల సన్నని రాగిలో దాదాపు మూడు ఓముల నిరోధం ఉంటుంది. అర ఆంపియర్‌కే దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలో పోతుంది. ఖాళీగా ఉన్న జతలను కలిపి మందం పెంచితే దెయ్యం వదిలింది. దూరం ఎక్కువైతే పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) మోడల్ తీసుకోండి. కరెంటూ డేటా ఒకే కేబుల్‌లో, దాదాపు 48 వోల్టుల మీద, 100 మీటర్ల దాకా వెళతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వైర్డ్ అంటే వైఫై అక్కర్లేదనుకుంటారు. పీఓఈ కాని చాలా మోడళ్లలో వైరు కరెంటు కోసమే, వీడియో వైఫై మీదే వెళుతుంది. మీ ఫోన్‌తో గుమ్మం బయట నిలబడి, తలుపు వేసి, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎంతుందో చూసుకున్నాకే కొనండి.

వైర్డ్ కాబట్టి కరెంటు పోయినా పనిచేస్తుందనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్, రూటర్, ఫైబర్ పెట్టె మూడూ ఇన్వర్టర్ మీద ఉంటేనే.

ఎంత ఎత్తున పెడితే అంత బాగా కనిపిస్తుందనుకుంటారు. తలలు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. నాలుగు అడుగుల ఎత్తు చాలు. ఇనుప గ్రిల్ తలుపుకు గానీ పక్క గోడకు గానీ మరీ ఆనించి పెడితే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తిరిగొచ్చి చిత్రమంతా తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది. గుమ్మానికి వేలాడే తోరణం గాలికి ఊగినా కదలిక అలర్టు వస్తుంది, దాన్ని జోన్ల సెట్టింగులో (చిత్రంలో ఏ భాగం కదలికకు అలర్టు రావాలో ఎంచుకునే చోట) తప్పించవచ్చు.

ఎదురింటివాళ్లు 2023 నాటి డేటా రక్షణ చట్టం పేరు చెప్పి బెదిరిస్తున్నారని ఒకాయన కంగారుగా ఫోన్ చేశారు. ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అలాగని ఎదురింటి గుమ్మంలోకి కెమెరా పెట్టి చూస్తుంటే వాళ్లకు కోపం రాదా? యాప్‌లో ప్రైవసీ మాస్క్ ఉంటే ఆ తలుపు మీద నల్లపెట్టె గీయండి. లేకపోతే ఏటవాలు ముక్క కొని బెల్లును పక్కకు తిప్పి బిగించండి. గీశాక వాళ్లను పిలిచి ఫోన్లో చూపించమన్నాను. చూపించారట, ఇప్పుడు వాళ్లూ ఒకటి బిగించమని అడుగుతున్నారు.