కొలువు బొమ్మకు రంగు గీకించాలా? తగవు ఎనామిల్ డబ్బాతో మొదలైంది

మహాలయ పక్షం వచ్చేసరికి తిరుపతిలో, చిత్తూరులో అటకల మీది పెట్టెలు కిందికి దిగుతాయి. పాత చీర ముక్కల్లో చుట్టిపెట్టిన బొమ్మలు దసరా కొలువులో మెట్ల మీద పేర్చడానికి బయటికొస్తాయి. వాటితోపాటే పాత తగవూ వస్తుంది: కళ తప్పిన బొమ్మలకు రంగు గీకించి కొత్తగా వేయించాలా, ఉన్నవాటిని ఉన్నట్టే మెట్లెక్కించాలా? ఈ ఏడు అది ఇంకాస్త ముదిరింది. ఎర్రచందనంతో చెక్కిన ఆడ, మగ కర్రబొమ్మల జంటలు, అంటే మరపాచి జంటల మీదున్న పూత తీయించేసి, లోపలి కర్ర ఎర్రగా కనబడేట్టు చేయించుకోవాలని చాలా ఇళ్లలో ఉబలాటం పుట్టింది.

కొలువు ఎందుకు పెడతారో, మెట్లు బేసి సంఖ్యలోనే ఎందుకుంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ తగవు అర్థం కావాలంటే చూడాల్సింది బొమ్మ మీది రంగును.

గీకించాలనేవాళ్లు ఒక మాట గట్టిగా చెబుతారు. అవ్వల కాలంలోనూ బొమ్మలకు మళ్లీ మళ్లీ రంగు వేయించారు కదా, గోపురాల మీది సున్నపు బొమ్మలకు సంప్రోక్షణ వచ్చినప్పుడల్లా రంగులు వేస్తారు కదా, వెలిసిపోయిన దేవుణ్ణి పీట మీద ఎట్లా కూర్చోబెడతాం అని. భక్తితో అన్న మాట అది. అయితే అవ్వలు వేయించిన రంగు ఏ రంగో ఎవరూ అడగడం లేదు.

అప్పటి మట్టిబొమ్మను కాల్చాక సుద్ద పూసేవాళ్లు. ఆ తెల్లటి పూత ఆరాక, జిగురు నీళ్లలో కలిపిన రంగుపొడిని కుంచెతో దిద్దేవాళ్లు. కళ్లు అన్నిటికంటే చివర. ఆ రంగుకు మెరుపు ఉండదు, పసుపు కొమ్ము అరగదీసినట్టు మెత్తగా ఉంటుంది. తడి తగిలితే కరుగుతుంది, చేతులు పడితే అరుగుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి దిద్దించడం ఆ పద్ధతిలోనే ఉంది. కొత్త రంగు పడేనాటికి పాతది చాలావరకు పోయి ఉండేది కాబట్టి బొమ్మ మందం పెరిగేది కాదు. వేళ్ల సందులు పూడేవి కావు, ముక్కు కొస మొద్దుబారేది కాదు. ఇక గోపురం మీది బొమ్మ నిలువెత్తుది, నేల మీద నిలబడి తలెత్తి చూసేది. జానెడు బొమ్మ కనురెప్పను మనం మూరెడు దూరం నుంచి చూస్తాం. రెంటికీ పోలిక కుదరదు.

ఈ వ్యవహారమంతా తలుపులకు, కిటికీలకు వేసే మెరుపు నూనెరంగు ఎనామిల్‌తో తారుమారైంది. మన దేశంలో రంగుల ఫ్యాక్టరీ కొత్తదేమీ కాదు, షాలిమార్ 1902లోనే హౌరాలో మొదలైంది. కానీ మన అంగళ్లలో చిన్న చిన్న డబ్బాలు వరుసగా కనబడింది స్వాతంత్ర్యం తర్వాతే. 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్ చిన్న ఊళ్లనే చూసుకుని చిన్న డబ్బాలు అమ్మింది. ఆ కంపెనీ గుర్తుగా ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే పిల్లాడు, కుంచె పట్టుకుని గోడల మీదికెక్కాడు. కిటికీ ఊచలకు వేయగా మిగిలిన డబ్బా కొలువు బొమ్మ దగ్గరికీ వచ్చింది. తెల్లపొణికి కర్ర మీద నీటిరంగులు వాడిన కొండపల్లిలో కూడా ఎనామిల్ చేరింది.

ఆడవాళ్లకు అది నచ్చడంలో వింతేమీ లేదు. మెరుస్తుంది, దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవచ్చు, ఏళ్లు గడిచినా పోదు. ఆ పోకపోవడంలోనే చిక్కంతా ఉంది. ఎనామిల్‌లోని నూనె, రెజిన్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడతాయి. ఒకసారి బిగుసుకున్నాక నీళ్లకు లొంగదు. దాని మీద ఇంకో పూత, ఆ తర్వాత మరొకటి. మూడో పూతకు నరసింహుడి గోళ్లు కలిసిపోతాయి. అవ్వలు రంగు వేయించింది పోయిన రంగు స్థానంలో. మనవాళ్లు వేయించింది పోని రంగు మీద. పేరు ఒకటే అయినా పనులు వేరు.

మా మేనత్త ఇంట్లోని దశావతారాల సెట్టుకు ఇదే జరిగింది. పోయినేడు ఆమె దాన్ని రంగులు తీసిచ్చే ఒకాయనకు అప్పగించింది. ఆయన కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టాడు. ఎనామిల్ పెచ్చులుగా ఊడింది, దాన్ని అంటుకుని కింది సుద్ద పూతా ఊడింది, సుద్దతోపాటు మొదటి రంగూ పోయింది. ఎనామిల్‌కు సుద్ద మీదున్న పట్టు, సుద్దకు మట్టి మీద లేదు. తిరిగి వచ్చినప్పుడు వామనుడి గొడుగు విరిగిపోయి ఉంది, కూర్మానికి మొహమే లేదు. అత్త ఆ రోజు వంట చేయలేదు.

మరపాచి విషయం ఇంకా సున్నితం. ఆ జంటల్లో కొన్ని ఒట్టి కర్ర, నూనె పట్టించి ఉంచేవి. కొన్నిటికి జుట్టు, కళ్లు, నగలు రంగుతో దిద్దేవాళ్లు. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలోకి చేరింది. శేషాచలం దుంగల మీద నిఘా పెరిగినకొద్దీ పాత కర్ర బొమ్మకు విలువ పెరిగింది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఇప్పటికీ కర్ర చెక్కేవాళ్లున్నారు గానీ, పాత జంట పాత జంటే. అందుకే కింది ఎరుపు చూపించుకోవాలనే ఆరాటం. కానీ ఆ కర్రకు ఎరుపునిచ్చే శాంటలిన్ చన్నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది, కాస్టిక్ సోడా లాంటి క్షారంలో కూడా కరుగుతుంది. ఎనామిల్‌ను లేపడానికి వాడే సరుకే కర్రలోని ఎరుపునూ లాగేస్తుంది. దూదికి ఎర్రగా అంటుకుంటున్నది పాత పూత అనుకుంటారు. అది బొమ్మ ఒంటి రంగు.

గీకేవాళ్ల ఆరోగ్యం సంగతీ ఉంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే నిబంధనను కేంద్రం 2016లో తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలు చేసింది. అంతకుముందు నాటి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిళ్లలో సీసం బాగా ఎక్కువ ఉండేవి ఎన్నో. వరండాలో కూర్చుని గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము పక్కనే ఆడుకునే పిల్లల నోట్లోకి పోతుంది.

మంచి చేయబోయి పూసిన పూత తర్వాతి తరానికి బరువు కావడం పెద్దచోట్లా జరిగింది. నిజాం ఏలుబడిలో ఉన్న అజంతాకు 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. చిత్రాలను కాపాడదామని వాళ్లు పూసిన లక్క వార్నిష్ కాలక్రమంలో పసుపెక్కి నల్లబడింది. దాన్ని తీయడానికి పురావస్తు శాఖ రసాయనికులు ఏళ్ల తరబడి అంగుళం అంగుళంగా పని చేయాల్సి వచ్చింది.

గీకించాలనేవాళ్ల మాటలో న్యాయం ఉన్న చోటు ఒకటుంది. మొదటినుంచీ రంగే లేని ఒట్టి కర్ర బొమ్మ మీద ఎవరో తర్వాత ఎనామిల్ పూసి ఉంటే, దాన్ని తీయాలనుకోవడం తప్పు కాదు. అప్పుడైనా సోడా తొట్టిలో ముంచకూడదు, కొద్దికొద్దిగా పెచ్చు లేపాలి. మట్టిబొమ్మకు, కాగితపు గుజ్జు బొమ్మకు ఆ వీలు కూడా లేదు. బొమ్మ ఏ కాలానిదో తేలకపోతే అడుగుభాగంలో కనబడని చోట తడి దూది ఒత్తి చూడాలి. రంగు దూదికి అంటితే అది నీటిరంగే కావచ్చు. అంతటితో ఆపి, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి పెట్టెయ్యాలి.

కొన్ని ఇళ్లలో ఒక దారి చూసుకున్నారు. ముందు మెట్లకు తమిళనాడులోని పన్రుట్టి నుంచి వచ్చే కొత్త బొమ్మలు కొని, పాతవాటిని వెలిసిన రంగులతోనే పై మెట్టు మీద కూర్చోబెడుతున్నారు. మా అత్త కూడా ఈసారి మొహం లేని కూర్మాన్ని అక్కడే పెడతానంటోంది. మరపాచి జంటను ఎవరికీ ఇవ్వలేదు. మగబొమ్మ చెవి వెనక ఎనామిల్ పెచ్చు ఊడిన చోట గోరంత నల్లటి జుట్టు బయటపడింది, సన్నటి గీతలుగా, ఒక్కొక్క వెంట్రుకగా దిద్దిన జుట్టు.